మిర్యాలగూడ వడ్లకూ చమురు బావికీ ఏం సంబంధం?

[దృశ్యం: మిర్యాలగూడ, రైస్ మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్ల వరుస]

నమస్తే. ఈ వడ్లు పండిన పొలం దున్నింది డీజిల్. కోసిన హార్వెస్టర్‌లోనూ డీజిలే. మిల్లాడిన బియ్యాన్ని మోసే లారీలోనూ అదే. చల్లిన యూరియా సహజవాయువుతో తయారైంది. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది.

"చమురు ఎప్పుడు అయిపోతుంది?" అని చాలామంది అడుగుతారు. అడగాల్సింది అది కాదు. తీయడానికి ఇంకెంత ఖర్చవుతుందని అడగాలి.

[దృశ్యం: దేవరకొండ దగ్గర బోరు వేస్తున్న రిగ్గు]

మన బోర్లనే చూడండి. పైపొరల్లో నీళ్లు తగ్గాయి, లోతుకు పోయాం, ఖర్చు పెరిగింది. చమురు బావిదీ అదే దారి. కాకపోతే బోరుకు మంచి వాన పడితే ఊట వస్తుంది. చమురు ఊరాలంటే కోట్ల ఏళ్లు పడుతుంది.

కొత్త బావిలో లోపలి ఒత్తిడికే చమురు పైకి వస్తుంది. ఒత్తిడి తగ్గాక నీళ్లో గ్యాసో పంపి నెట్టాలి. కొన్నేళ్లకు చమురు కన్నా నీళ్లే ఎక్కువ వస్తాయి.

[దృశ్యం: అమెరికా ఉత్పత్తి గ్రాఫ్]

అమెరికా ఉత్పత్తి 1970 ప్రాంతంలో శిఖరానికి చేరి తగ్గుతుందని హబ్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1956లోనే చెప్పాడు. 1970 తర్వాత తగ్గింది కూడా. కానీ రాతిపొరలను చీల్చి తీసే షేల్ చమురు వచ్చి, 2018లో ఆ పాత రికార్డు దాటింది. అందుకే రేపే అంతా ఆగిపోతుందని భయపెట్టేవాళ్లను నేను నమ్మను. అలాగని ధీమాగానూ ఉండలేం. షేల్ బావి దిగుబడి సాధారణంగా మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. తవ్వుతూనే ఉండాలి. ప్రపంచం వాడకమేమో రోజుకు దాదాపు 10 కోట్ల బ్యారెళ్లు. బ్యారెల్ అంటే 159 లీటర్లు.

సరఫరా బిగిస్తే ఏమవుతుందో 1973లో చూశాం. అరబ్ దేశాలు చమురు ఆపితే కొన్ని నెలల్లోనే ధర సుమారు నాలుగు రెట్లయింది.

[దృశ్యం: వరి కోస్తున్న హార్వెస్టర్]

నాకు టెన్షన్ ఇక్కడే. డీజిల్ పెరిగితే హార్వెస్టర్ కిరాయి ఆ సీజన్‌లోనే పెరుగుతుంది. వడ్లకు మద్దతు ధర మాత్రం ముందే ప్రకటించి ఉంటుంది. మధ్యలో నలిగేది రైతే.

మరి డీజిల్ బదులు కరెంటుకు మారగలమా? మన బోరు మోటార్లు ఇప్పటికే కరెంటుతో నడుస్తున్నాయి. హార్వెస్టర్ కష్టం: కోతల్లో పొద్దంతా నడవాలి, అంత బరువు బ్యాటరీతో బురదలో దిగితే కూరుకుపోతుంది. రవాణా అంత కష్టం కాదు. మిర్యాలగూడ మీదుగా వెళ్లే రైల్వే లైనుకు కరెంటు ఉంది. దూరం పోయే బియ్యాన్ని లారీల నుంచి గూడ్సు బండ్లకు మార్చే పని ముందు మొదలుపెట్టాలి.