విశాఖ ఐఐఎంలో చదివేది ఎవరు?

హోస్ట్: నమస్కారం. ఈ వారం మాట విశాఖపట్నం ఐఐఎం గురించి, అంటే మేనేజ్‌మెంట్ చదువులు చెప్పే కేంద్ర విద్యాసంస్థ గురించి. ఐఐఎంలలో చేరడానికి రాసే క్యాట్ పరీక్షకి కోచింగ్ ఇచ్చే మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, అసలు ఇది వైజాగ్‌కి ఎలా వచ్చింది?

అతిథి: నమస్తే అండి. రాష్ట్ర విభజనతో వచ్చింది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో ఐఐటీ, ఎన్ఐటీలతో పాటు ఐఐఎం కూడా ఉంది. 2015 జనవరిలో విశాఖ దగ్గర గంభీరంలో శంకుస్థాపన చేశారు, అదే ఏడాది క్లాసులు మొదలయ్యాయి. అప్పటికి సొంత బిల్డింగ్ లేదు కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో నడిపారు. మొదట్లో బాగోగులు చూసింది ఐఐఎం బెంగళూరు. గంభీరం క్యాంపస్‌ని 2024 ఫిబ్రవరిలో ప్రధాని జాతికి అంకితం చేశారు.

హోస్ట్: ఆంధ్రా యూనివర్సిటీలో మొదలవడం బాగుంది.

అతిథి: చాలా బాగుందండి! అక్కడ ఎంబీఏ 1957 నుంచే ఉంది. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు పుట్టింది 1961లో. మేనేజ్‌మెంట్ చదువు వైజాగ్‌కి కొత్త కాదని మా పిల్లలకి గట్టిగా చెబుతుంటాను.

హోస్ట్: మన రాష్ట్రంలో ఉంది కదా, మన పిల్లలకి ఏమైనా కోటా ఉందా?

అతిథి: లేదండి. తల్లిదండ్రులు ముందు అడిగేది ఇదే. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు రాష్ట్రం వాళ్లకే. ఐఐఎంలలో ఆ పద్ధతి లేదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగుల రిజర్వేషన్లు కేంద్ర నిబంధనల ప్రకారం ఉంటాయి. అంతకుమించి శ్రీకాకుళం అమ్మాయికీ లక్నో అబ్బాయికీ తేడా చూడరు. అందుకే క్లాసులో దేశమంతా కనిపిస్తుంది.

హోస్ట్: ఎక్కువగా ఎలాంటి నేపథ్యం వాళ్లు?

అతిథి: బీటెక్ వాళ్లు. చాలా ఐఐఎంలలో అంతే. కొందరు కాలేజీ నుంచి నేరుగా వస్తారు, కొందరు రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి వస్తారు. ఉద్యోగం మానకుండా చదివే ఎగ్జిక్యూటివ్ కోర్సులు వేరే ఉన్నాయి. నా బాధంతా మన డిగ్రీ కాలేజీల గురించేనండి. బీకాం, బీఏ పిల్లలు అసలు అప్లై చేయరు. ‘అది ఇంజనీర్లకి కదా మేడమ్’ అంటారు.

హోస్ట్: లెక్కల భయమా?

అతిథి: కొంత భయం, మిగతాది చెప్పేవాళ్లు లేకపోవడం. క్యాట్‌లో క్వాంట్, అంటే లెక్కల భాగం, మూడు సెక్షన్లలో ఒకటి. అందులో పదో తరగతి లెక్కల పునాదితో చేసేవి చాలా ఉంటాయి. పైగా ఇంజనీరింగ్ కాని వాళ్లకి, అమ్మాయిలకి సెలక్షన్లో కాస్త వెయిటేజీ ఇచ్చే ఐఐఎంలు చాలానే ఉన్నాయి. ఒక బీకాం అమ్మాయికి ప్రాక్టీసు కోసం మాక్ ఇంటర్వ్యూ చేశాను. ‘ఎంబీఏ ఎందుకు?’ అంటే బట్టీ పట్టిన ఇంగ్లీష్ నాలుగు ముక్కలు చెప్పి ఆగిపోయింది. వాళ్ల నాన్నగారిది ఎరువుల షాపు. ‘అరువు ఎలా వసూలు చేస్తారమ్మా?’ అన్నాను. ఇక ఆగలేదు! పంట చేతికొచ్చే నెల ఏది, ఎవరికి ఎంతవరకు అరువివ్వొచ్చు, కంపెనీకి డబ్బు ఎప్పుడు కట్టాలి, మధ్యలో చేతిలో ఎంత ఉండాలి... అన్నీ చెప్పింది. వర్కింగ్ క్యాపిటల్ అంటే అదే కదండీ! ఇలాంటి పిల్లలు ఆ క్లాసులో ఉండాలి. పక్కన కూర్చున్న ఇంజనీర్లకి కూడా మంచిది.

హోస్ట్: వినే డిగ్రీ పిల్లలకి ఏం చెబుతారు?

అతిథి: ఫైనల్ ఇయర్లో ఉండగానే రాయొచ్చు. జనరల్ వాళ్లకి డిగ్రీలో యాభై శాతం చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి నలభై ఐదు. సాధారణంగా ఆగస్టులో అప్లికేషన్లు మొదలవుతాయి, నవంబర్ చివర్లో పరీక్ష. సెకండియర్ నుంచే రోజూ ఒక ఇంగ్లీష్ ఎడిటోరియల్ చదవండి, పాత పేపర్లు దగ్గర పెట్టుకుని చేయండి. లెక్చరర్లకి కూడా ఒక మాటండి, ఆగస్టు రాగానే దయచేసి ఆ నోటిఫికేషన్ కాలేజీ నోటీసు బోర్డులో పెట్టండి.