జరిగింది అడగండి: ఇంటర్వ్యూలో అభ్యర్థి వేయవలసిన ప్రశ్నలు

అందరికీ నమస్కారం.

ఇంటర్వ్యూ ముగిసే ముందు దాదాపు ప్రతి చోటా ఒక మాట వినిపిస్తుంది: "మీరు మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా?" అప్పటిదాకా ప్రశ్నల వర్షంలో తడిసి ఉన్న అభ్యర్థి ఊపిరి పీల్చుకుని, "ఏమీ లేదండీ, ఫలితం ఎప్పుడు చెబుతారు?" అని లేచి నిలబడతారు. బల్లకు అవతలి వైపు కూర్చుని నేను దీన్ని చాలాసార్లు చూశాను. కారణాలు తెలియనివి కావు. అలసట ఉంటుంది, భయం ఉంటుంది, అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. అయినా, ఆ ఉద్యోగం గురించి ఆ గదిలో అందరికన్నా తక్కువ తెలిసిన మనిషే ఏమీ అడగకుండా వెళ్లిపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

1970లో జార్జ్ ఆకర్లోఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. అమ్మేవాడికి తన కారు లోపాలన్నీ తెలుసు. కొనేవాడికి పైకి కనిపించే రంగు తప్ప ఏమీ తెలియదు. ఆ అనుమానంతో కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు, ఆ ధరకు మంచి కారున్నవాళ్లు అమ్మడం మానుకుంటారు, చివరికి బజారులో డొక్కు బండ్లు మిగులుతాయి. ఒక పక్షానికి తెలిసింది రెండో పక్షానికి తెలియనప్పుడు ఏమవుతుందన్న ఇలాంటి పరిశోధనకే 2001లో ఆయనకు, మైకేల్ స్పెన్స్‌కు, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌కు కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం వచ్చింది. వీరిలో స్పెన్స్ 1973లో నేరుగా ఉద్యోగాల గురించే రాశారు. అభ్యర్థి సత్తా యజమానికి కనిపించదు కాబట్టి చదువు వంటి గుర్తులను చూసి అంచనా వేసుకుంటాడని ఆయన వాదన.

యజమాని తన అజ్ఞానాన్ని తగ్గించుకోవడానికి ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నాడో చూడండి. దరఖాస్తు, రాతపరీక్ష, రెండు మూడు విడతల ఇంటర్వ్యూలు, పాత సంస్థలో విచారణ, చేరాక ప్రొబేషన్. మీకు తెలియనిది తెలుసుకోవడానికి మాత్రం ఆ చివరి ఐదు నిమిషాలే ఉన్నాయి. అందుకని ఆ ఐదు నిమిషాల్లో ఏ తరహా ప్రశ్న పనికివస్తుంది, ఏది పనికిరాదు అన్నదే ఈ రోజు నా విషయం.

పనికిరానిదానితో మొదలుపెడతాను. "ఇక్కడ పని వాతావరణం ఎలా ఉంటుందండీ?" ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు కూడా అందరికీ ఒకటే: "చాలా బాగుంటుంది, మేమంతా ఒక కుటుంబంలా ఉంటాం." కుటుంబంలో ఎవరికీ నోటీసు పీరియడ్ ఉండదన్న సంగతి అలా ఉంచండి. ఆ జవాబు అబద్ధం కానక్కరలేదు. మీరు అభిప్రాయం అడిగారు, వారు అభిప్రాయం చెప్పారు. పైగా తన సంస్థ గురించి పరాయి మనిషి ముందు ఎవరైనా మంచి అభిప్రాయమే చెబుతారు. మీకు మాత్రం దానివల్ల కొత్తగా ఏమీ తెలియలేదు.

అదే విషయాన్ని ఇలా అడిగి చూడండి: "గత నెలలో మీ బృందంలో ఎవరైనా సెలవు రోజున పనిచేయవలసి వచ్చిందా? ఏ పని మీద?" ఇప్పుడు ఎదుటివారు గుర్తు చేసుకోవాలి. ఫలానా పని ఉందనో, ఒకరిద్దరు వచ్చారనో, తర్వాత బదులు సెలవు ఇచ్చామనో చెబుతారు. లేదా నవ్వి ఊరుకుంటారు. మీకు ఆ నవ్వు కూడా సమాచారమే. అభిప్రాయాన్ని ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. జరిగిన సంఘటనను అప్పటికప్పుడు కల్పించి, వివరం మీద వివరం అడుగుతున్నా తడబడకుండా చెప్పడం చాలా కష్టం.

ఇది నేను కనిపెట్టిన ఉపాయం కాదు. జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వవేత్త రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనిక విమాన దళాల్లో పనిచేశారు. ఆ అనుభవంతో 1954లో ఒక పద్ధతిని వివరించారు. ఒక పనిలో నెగ్గడానికి, ఓడిపోవడానికి కారణాలు తెలుసుకోవాలంటే ఆ పనివారిని గుణగణాల జాబితా అడగకూడదు. నిజంగా జరిగిన ఒక ఘట్టాన్ని చెప్పమనాలి, అందులో ఎవరు ఏమి చేశారో అడగాలి. ఈ రోజు ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని అడుగుతున్న "మీరు గడువు అందుకోలేకపోయిన ఒక సందర్భం చెప్పండి" వంటి ప్రశ్నలకు ఆ ఆలోచనతో దగ్గరి చుట్టరికం ఉంది. వారు మీ మీద వాడుతున్న పనిముట్టునే మీరు మర్యాదగా వారి వైపు తిప్పుతున్నారు.

ఇక అసలు ప్రశ్నలు. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇది ఎంచుకుంటాను: "ఈ ఉద్యోగం ఎందుకు ఖాళీ అయింది?"

దీనికి రెండే రకాల జవాబులుంటాయి. కొత్తగా సృష్టించారు, లేదా ఎవరో వెళ్లిపోయారు. కొత్తదయితే, ఇంతవరకు ఈ పని ఎవరు చేస్తున్నారని అడగండి. ముగ్గురు తలా కొంత చేస్తున్నారంటే, చేరిన మర్నాడు ఆ ముగ్గురూ తమకు నచ్చని పనులన్నీ మీ బల్ల మీదికి తోసేస్తారా, లేక తమ అధికారం పోతోందని ముఖం చాటేస్తారా అన్నది ముందుగానే ఊహించుకోవచ్చు. ఎవరో వెళ్లిపోయారంటే, వారు ఎక్కడికి వెళ్లారన్నది రెండో ప్రశ్న. అదే సంస్థలో పై స్థాయికి వెళ్లి ఉంటే శుభం. అలాంటప్పుడు వారితో ఒకసారి మాట్లాడించమని అడగడంలో తప్పు లేదు. బయటికి వెళ్లి ఉంటే, వారికి ముందు ఆ కుర్చీలో ఎవరున్నారు, ఎంతకాలం ఉన్నారు అన్నది మూడోది. ఒకరు వెళ్లిపోవడంలో విశేషం లేదు, మనుషులు వెళుతూనే ఉంటారు. వరుసగా ముగ్గురు ఏడాది తిరక్కుండా వెళ్లారంటే మాత్రం లోపం ఆ ముగ్గురిలో ఉందని నమ్మడం కష్టం. పనిలోనో, పైవారిలోనో ఏదో ఉంది. ఇంకో చిన్న గమనిక. వెళ్లిపోయినవారి గురించి ఎలా మాట్లాడుతున్నారో వినండి. "ఆయన చేతకానివాడండీ" అని మొదటి పరిచయంలోనే మీతో అంటున్నవారు రేపు మీ తర్వాత వచ్చే అభ్యర్థితో మీ గురించి ఏమంటారో ఆలోచించుకోండి.

రెండో ముఖ్యమైన ప్రశ్న: "చేరిన ఆరు నెలలకు నేను ఏమి చేసి ఉంటే, నన్ను తీసుకోవడం మంచిదయిందని మీరు అనుకుంటారు?" ఇది భవిష్యత్తు గురించిన ప్రశ్న కదా, జరిగింది అడగమన్నారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. దీని బలం వేరే చోట ఉంది. దీన్ని మీరు ఒక్కరిని కాకుండా, మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగాలి. మేనేజర్ "ఉన్న వ్యవస్థను చక్కబెట్టాలి" అంటారు, ఆయన పై అధికారి "కొత్త శాఖ మొదలుపెట్టాలి" అంటారు, తోటి ఉద్యోగి "మా మీద భారం తగ్గాలి" అంటారు. ముగ్గురిలో ఎవరూ మోసం చేయడం లేదు. మీ ఉద్యోగం ఏమిటో వారిలో వారు ఇంకా తేల్చుకోలేదు, అంతే. తేల్చుకోనందువల్ల కలిగే నష్టం మాత్రం ఆరు నెలల తర్వాత మీ పనితీరు సమీక్షలో మీ పేరు కింద కనబడుతుంది. తేడా గమనించారంటే, చేరకముందే "ఈ మూడింటిలో ముందు ఏది?" అని అడిగి తేల్పించుకోవచ్చు. దీనికి జవాబు రాబట్టుకుని చేరినవారు నిజంగా అదృష్టవంతులు.

మేనేజర్ గురించి తెలుసుకోవడానికి నాకు ఇష్టమైన ప్రశ్న ఇది: "మీ బృందంలో ఎవరైనా మీ నిర్ణయం సరికాదని చెప్పి, మీ మనసు మార్చిన సందర్భం ఏదైనా ఉందా?" మంచి మేనేజర్లకు ఇది వినగానే ముఖం వెలుగుతుంది. కథ మొదలవుతుంది, అందులో ఒక మనిషి ఉంటారు, ఒక వాదన ఉంటుంది. కొందరు "మా దగ్గర ఎవరైనా స్వేచ్ఛగా మాట్లాడవచ్చు" అని సూత్రం చెప్పి ఆగిపోతారు. మరొక్కసారి, "ఒక ఉదాహరణ చెప్పగలరా?" అని అడగండి. రెండోసారీ సూత్రమే వస్తే మూడోసారి అడగవద్దు, మీకు కావలసింది దొరికింది. ఇదే కోవలో, ఇటీవల పెద్ద పొరపాటు ఏదైనా జరిగిందా, ఆ తర్వాత ఏమి చేశారు అని అడగవచ్చు. జవాబులో ముందుగా వచ్చేది తప్పుచేసిన మనిషి ప్రస్తావనా, లేక తప్పుకు చోటిచ్చిన ఏర్పాటా అన్నది చూడండి.

ఎవరిని ఏమి అడగాలన్నది కూడా చూసుకోవాలి. సెలవులు, ప్రొబేషన్, నోటీసు పీరియడ్, జీతంలో ఏ భాగం స్థిరం, ఏది కాదు అన్నవి హెచ్ఆర్ వారిని అడగవలసినవి. పని గురించి వారిని అడిగితే ప్రకటనలో ఉన్నదే చదివి వినిపిస్తారు, అది వారి తప్పు కాదు. రోజు ఎలా గడుస్తుందో చెప్పగలిగింది తోటి ఉద్యోగి ఒక్కరే. "నిన్న ఉదయం వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా ఏమేమి చేశారు?" అని వారిని అడగండి. ఉద్యోగ ప్రకటన ఎంత పొడవున్నా ఆ జవాబు ముందు నిలవదు. తోటివారిని కలవనివ్వకపోతే, కలిపించమని మీరే అడగండి. పావుగంట చాలు. దానికి కూడా కుదరదంటే ఎందుకు కుదరదో తెలుసుకోవలసిందే.

వృత్తిని బట్టి ప్రశ్నలు మారుతాయి. నర్సు అడగవలసింది ఒక్కో షిఫ్టులో ఒక్కొక్కరి కింద ఎంతమంది రోగులుంటారని. అంతకన్నా ముఖ్యంగా, గత వారం ఒకరు రానప్పుడు ఆ రోగులను ఎవరు చూశారని. ఉపాధ్యాయులు వారానికి ఎన్ని పీరియడ్లు అని అడుగుతారు, కాని బోధన కాక ఇంకేమేమి పనులు మీద పడతాయో అడగడం మరచిపోతారు. సాఫ్ట్‌వేర్ వారికి ఈ విషయంలో మంచి సంప్రదాయం ఉంది. 2000లో జోయెల్ స్పోల్‌స్కీ అనే ప్రోగ్రామర్ ఒక బృందం ఎలాంటిదో తేల్చడానికి అవును, కాదు అని జవాబివ్వగల 12 ప్రశ్నల జాబితా ప్రచురించారు. అందులో కొన్నిటికి కాలం చెల్లింది. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే వ్యవస్థ ఉందా అని ఇప్పుడు అడిగితే నవ్వుతారు. "కొత్త కోడ్ రాసేముందు పాత లోపాలను సరిచేస్తారా? పనిచేసుకోవడానికి నిశ్శబ్దమైన చోటు ఉందా?" అన్నవి మాత్రం నేటికీ చాలా సంస్థలను ఇబ్బంది పెడతాయి. ఏ వృత్తిలోవారైనా అలాంటి జాబితా ఒకటి తమకు తాము రాసుకోవచ్చు.

డబ్బు గురించి రెండు మాటలే. బోనస్ "ఇంత వరకు" రావచ్చని చెప్పినప్పుడు, పోయిన ఏడాది ఈ స్థాయివారికి అందులో ఎంత శాతం నిజంగా ఇచ్చారని అడగండి. షేర్లు ఇస్తామంటే, సంఖ్య విని మురిసిపోవద్దు. 10,000 షేర్లు, సంస్థలో మొత్తం 10 లక్షల షేర్లుంటే 1 శాతం. మొత్తం 10 కోట్లుంటే 0.01 శాతం. మొత్తం ఎన్నో చెప్పనివారు మీకు ఏమీ చెప్పనట్టే. ఆ షేర్లు ఎప్పటికి మీవవుతాయన్నదీ అడగాలి. నాలుగేళ్లలో విడతలవారీగా, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళితే ఏమీ లేకుండా ఇవ్వడం చాలా చోట్ల ఉన్న పద్ధతి.

ఇన్ని అడిగితే పొగరు అనుకోరా? ఈ భయం చాలామందికి ఉంటుంది. ఐదు నిమిషాల్లో ఇవన్నీ అడగమని నేను చెప్పడం లేదు. రెండు మూడు చాలు, మిగతావి తర్వాతి విడతలకు ఉంచుకోండి. అభ్యర్థి ఆలోచించి వేసిన ప్రశ్న వల్ల చిన్నబుచ్చుకునే మేనేజర్ ఉంటే, ఆ సంగతి చేరకముందే తెలియడం మీకు లాభం. మెప్పించడానికి మాత్రం ప్రశ్నలు వేయవద్దు. సంస్థ వార్షిక నివేదికలో ఒక అంకె పట్టుకొచ్చి దాని మీద ఉపన్యాసంలాంటి ప్రశ్న వేసేవారుంటారు. జవాబు వారికి అక్కరలేదన్నది వింటున్నవారికి తెలిసిపోతూనే ఉంటుంది. "నా మీద మీకేమైనా సందేహాలున్నాయా?" అన్న ప్రశ్న కూడా నాకు నచ్చదు, ఎంతమంది సలహా ఇచ్చినా సరే. ఎదుటివారిని ఇరకాటంలో పెట్టడం తప్ప దానివల్ల మీకు కలిగే ప్రయోజనం తక్కువ.

ఇంకొకటి నిజాయతీగా చెప్పుకోవాలి. ఇల్లు గడవడానికి ఈ ఉద్యోగం తప్పనిసరి అయినవారు ఇక్కడ ఉండవచ్చు. ఏ జవాబు వచ్చినా చేరక తప్పనప్పుడు ఎందుకు అడగాలి? కాదనడానికి కాదు, సిద్ధపడడానికి. పై అధికారి మాట మార్చే మనిషని ముందే తెలిస్తే మొదటి రోజు నుంచే ప్రతి ఆదేశాన్నీ ఈమెయిల్‌లో ఖాయం చేసుకుంటారు. ఏడాదికి మించి ఎవరూ నిలవని చోటని తెలిస్తే, తర్వాతి ఉద్యోగం కోసం వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుస్తుంది.

జవాబులను ఆ సాయంత్రమే, వీలయినంతవరకు వారి మాటల్లోనే రాసిపెట్టుకోండి. రెండు మూడు చోట్ల ఇంటర్వ్యూలయ్యాక ఎవరు ఏమన్నారో కలగాపులగం అయిపోతుంది, పైగా జీతం ఎక్కువిచ్చేవారు చెప్పినవన్నీ మంచివిగా గుర్తుంటాయి.

ఇంటర్వ్యూలో అడగలేకపోయినవాటికి ఇంకో అవకాశం ఉంది. ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక, సంతకం పెట్టకముందు. అంతవరకు వారు మిమ్మల్ని ఎంచుతున్నారు, ఆ రోజుల్లో మీరు వారిని ఎంచుతున్నారు. నోటితో ఇచ్చిన హామీలు, ఇంటి నుంచి పనిచేయడం గాని, ఆరు నెలల్లో జీతం పెంపు గాని, పనివేళలు గాని, కాగితం మీద ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి. లేకపోతే, "మనం మాట్లాడుకున్నది ఇందులో చేర్చగలరా?" అని ఒక ఈమెయిల్ పంపండి. రేపటిలోగా సంతకం పెట్టి పంపాలని తొందరపెడితే, నాలుగు రోజుల గడువు అడగండి. చాలా చోట్ల ఇస్తారు. ఆ నాలుగు రోజుల్లో రాసిపెట్టుకున్న జవాబులు తీసి చదివి, పొంతన కుదరనివి ఏవో చూసి, వాటి కోసం మేనేజర్‌తో ఇంకొక్క పావుగంట ఫోనులో మాట్లాడే వీలుంటుందా అని అడగండి.