భోజనాల బల్ల మీద చంద్రగిరి కోట

హోస్ట్: అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఇంట్లో నలుగురు కూర్చుని బల్ల మీద ఆడుకునే ఆటల గురించి మన కబుర్లు. ఈ రోజు విషయం, పైకప్పుకు ప్రొజెక్టరు బిగించి బొమ్మను నేరుగా బల్ల మీదికి దించడం. సినిమా కోసం కాదు, ఆట కోసమే. ఈ పని తన ఇంట్లో చేసినవారు మా అక్క భర్త. వృత్తి భవన నిర్మాణం. బావగారూ, మొదలుపెడదామా?

బావగారు: కాఫీ ఇస్తానని కూర్చోబెట్టావు. కాఫీ లేదు, మైకు మాత్రం ఉంది. సరే, అడుగమ్మా.

హోస్ట్: కాఫీ చివర్లో. అసలు బల్ల మీద ఆటకు ప్రొజెక్టరుతో పనేమిటి?

బావగారు: పాత్రలు వేసుకుని ఆడే ఆటలు కొన్ని ఉన్నాయి. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాటికి పెద్ద దిక్కు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు అందులో పాత్రలు. కొట్లాట వచ్చిందంటే ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియాలి. అందుకని గళ్ల పటం పరిచి, దాని మీద చిన్న చిన్న బొమ్మలు నిలబెడతారు. ఒక్కో గడి 1 అంగుళం. కథలో అది 5 అడుగుల చోటు. ఆ పటం చేత్తో గీయాలంటే ఆదివారం కాస్తా దానికే పోతుంది. ప్రొజెక్టరు ఉంటే కోట నుంచి అడవికి, అడవి నుంచి గుహకు ఒక్క మీట నొక్కి వెళ్లిపోవచ్చు. ఇంకో సుఖం ఉంది. ఆటగాళ్లు ఇంకా అడుగుపెట్టని గదులు చీకటిగా ఉంచవచ్చు. తలుపు తీస్తేనే లోపలిది కనిపిస్తుంది. మా పెద్దవాడు తలుపు తీయడానికి ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు.

హోస్ట్: అంత కష్టం ఎందుకు, పాత టీవీని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే సరిపోదా?

బావగారు: సరిపోతుంది. చాలామంది అలాగే ఆడతారు, తప్పు లేదు. అయితే మాది భోజనాల బల్ల. రాత్రి ఎనిమిదయ్యేసరికి దాని మీద రసం గిన్నె దిగాలి. టీవీ మీద రసం ఒలికితే ఏమవుతుందో సరే, ఆ తర్వాత మీ అక్క నన్ను ఏం చేస్తుందో ఆలోచించు.

హోస్ట్: ఆలోచించాను. ప్రొజెక్టరే మేలు. కొనేటప్పుడు ఏది చూడాలి? నేను వాకబు చేస్తే అందరూ షార్ట్ త్రో, అంటే దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే రకం, కొనమంటున్నారు.

బావగారు: డబ్బు దండగయ్యేది అక్కడే. లెక్క ఐదో తరగతిదే. లెన్సు నుంచి బొమ్మ పడే చోటికి ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగించు. దాన్నే త్రో రేషియో అంటారు. మన ఇళ్లలో పైకప్పు ఎత్తు 10 అడుగులు అనుకో. బల్ల ఎత్తు రెండున్నర. ప్రొజెక్టరు, దాన్ని పట్టుకునే గొట్టం కలిసి 1 అడుగు కిందికి దిగుతాయి. ఎంత మిగిలింది?

హోస్ట్: ఆరున్నర.

బావగారు: త్రో రేషియో 1.3 ఉన్న మామూలు ప్రొజెక్టరుకు ఆ దూరంలో 5 అడుగుల వెడల్పు బొమ్మ వస్తుంది. ఆరుగురు కూర్చునే బల్ల కూడా ఇంచుమించు 5 అడుగులే. ఇంతకంటే ఏం కావాలి? అదే చోట 0.5 రేషియో ఉన్న షార్ట్ త్రో బిగించావనుకో, బొమ్మ 13 అడుగులు అవుతుంది. బల్ల దాటి, మన ఒళ్లు దాటి, గోడలెక్కుతుంది. ప్రొజెక్టరు బల్లకు మూడు అడుగుల ఎత్తులోనే ఉండాలన్న నిర్బంధం ఉంటే తప్ప దాని అవసరం లేదు. గోడకు వేసే సినిమా లెక్కను తెచ్చి బల్లకు అంటగడితే వచ్చే గొడవ ఇది.

హోస్ట్: వెలుగు మాటేమిటి? డబ్బా మీద వేలకు వేలు ల్యూమెన్లు రాస్తున్నారు.

బావగారు: డబ్బా మీద రాసేవాడికి కలం అడ్డమా? ఆన్సీ అనే ప్రమాణం ప్రకారం కొలిచిన ల్యూమెన్లు అని విడిగా చెబితేనే ఆ అంకెను పట్టించుకో. బల్ల మీద బొమ్మ చిన్నది కాబట్టి మనకు ఎక్కువ అక్కర్లేదు. 5 అడుగుల వెడల్పు బొమ్మ ఎత్తు 2.8 అడుగులు ఉంటుంది. విస్తీర్ణం 1.3 చదరపు మీటర్లు. 500 ఆన్సీ ల్యూమెన్లను దాని మీద పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 380 ల్యూమెన్లు, అంటే 380 లక్సులు. రాత్రిపూట హాల్లో మనం వేసుకునే దీపాల వెలుగు సాధారణంగా దానిలో సగం కూడా ఉండదు. దీపాలన్నీ ఆర్పకుండా, పాచికల అంకెలు కనిపించేటట్టు పెట్టుకుని ఆడుకోవచ్చు. బల్లకు నేరుగా పైనున్న దీపం మాత్రం ఆపాలి. ప్రొజెక్టరు వెలుగు వేయగలదే కానీ నలుపు వేయలేదు కదా. గదిలో వెలుగు ఎక్కువైతే ఆ చీకటి గదులు బూడిద రంగులో కనబడి దాపరికం పోతుంది.

హోస్ట్: బొమ్మ స్పష్టత?

బావగారు: ఫుల్ హెచ్‌డీ తీసుకో. 1920 చుక్కలు 60 అంగుళాల్లో పరుచుకుంటే అంగుళానికి 32 వస్తాయి. గడికి 32 చుక్కలు చాలు. 1280 చుక్కలవాటికి అంగుళానికి 21 మాత్రమే. గళ్లు బాగానే ఉంటాయి కానీ పటం మీద రాతలు అలుక్కుపోతాయి.

హోస్ట్: కొన్నాం. ఇక నిచ్చెన ఎక్కుదామా?

బావగారు: ఆగు, ఆగు. తల పైకెత్తి చూడు. ఏం కనిపిస్తోంది?

హోస్ట్: ఫ్యాను.

బావగారు: అదీ అసలు సంగతి. ఈ విషయం మీద వచ్చే విదేశీ వీడియోల్లో దీని ఊసే ఎత్తరు. మన పైకప్పు నడిమధ్య భాగాన్ని స్లాబు పోసిన రోజే ఫ్యానుకు రాసిచ్చేశాం. రెక్కల వ్యాసం 48 అంగుళాలు. అంటే నడుమ కొక్కెం నుంచి చుట్టూ 2 అడుగులు దాని సొంతం. లెన్సు రెక్కల కంటే పైన ఉండి కాంతి వాటి గుండా దిగితే కోట మొత్తం రెపరెపలాడుతుంది, పది నిమిషాల్లో తలనొప్పి. కాంతికి అడ్డం రాకపోయినా గాలి వదలదు. పొడవుగా, సన్నగా ఉన్న గొట్టానికి ప్రొజెక్టరు వేలాడదీస్తే అది ఊగుతుంది. పైన వెంట్రుకవాసి కదలిక ఇక్కడ ఆరున్నర అడుగుల కింద గళ్లన్నీ వణకడానికి చాలు. గొట్టం పొట్టిగా, లావుగా ఉండాలి. ఫ్యాను కొక్కెం నుంచి కనీసం 3 అడుగులు ఎడం పాటించాలి. దానికి తగ్గట్టు బల్లనే జరుపుకోవాలి. బల్లకు కాళ్లున్నాయి, ఫ్యానుకు లేవు.

హోస్ట్: మే నెలలో తిరుపతిలో ఫ్యాను కింద నుంచి జరగమంటారా!

బావగారు: గోడ ఫ్యాను ఒకటి పెట్టుకో. మనుషులకు తగిలేటట్టు, ప్రొజెక్టరుకు తగలనట్టు తిప్పుకోవచ్చు. ఎండ మాట వచ్చింది కాబట్టి ఇంకో మాట. చాలా ప్రొజెక్టర్లు 35 లేదా 40 డిగ్రీల దాకానే పనిచేస్తాయని వాటి పుస్తకంలోనే ఉంటుంది. పై అంతస్తులో ఉండేవాళ్ల స్లాబు మధ్యాహ్నమంతా ఎండకు కాలి, పొద్దుగూకాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. వేడిగాలి చేరేదీ పైకప్పు దగ్గరే. మనం కింద ఎలాగో సర్దుకుంటాం, పైన అది ఉడికిపోతుంది. ఎండాకాలంలో ఏసీ ఉన్న గదిలోనో, రాత్రి భోజనాలయ్యాకో ఆడుకోవడం మంచిది. స్లాబుకు, ప్రొజెక్టరు గాలి రంధ్రాలకు మధ్య ఖాళీ వదలడం మరిచిపోకూడదు.

హోస్ట్: తిన్నగా కిందికి చూసేటట్టు ఏ ప్రొజెక్టరునైనా పెట్టవచ్చా?

బావగారు: పెట్టకూడదు. బల్బు ఉన్న పాత రకాలు అడ్డంగా ఉండడానికి తయారైనవి. ముక్కు నేలకు పెట్టి నిలువునా వేలాడదీస్తే లోపల వేడి చేరరాని చోట చేరి బల్బు త్వరగా పోతుంది. ఎల్ఈడీ, లేజరు రకాల్లో చాలావాటికి ఏ కోణమైనా ఫరవాలేదు. అయినా దాని పుస్తకం తిరగేసి, కిందికి తిప్పవచ్చని ఉంటేనే కొనాలి. బల్బు రకమే చేతిలో ఉంటే దాన్ని అడ్డంగానే బిగించి, ముందు 45 డిగ్రీల వాలులో అద్దం పెట్టి బొమ్మను కిందికి మళ్లించాలి. అప్పుడు బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి, మెనూలో సరిచేసుకోవచ్చు. ముఖం చూసుకునే అద్దం మాత్రం వద్దు. దాని కళాయి గాజు వెనక ఉంటుంది కాబట్టి గాజు పైభాగం నుంచి మరో పలచటి బొమ్మ పడుతుంది. ముందువైపే పూత ఉన్న అద్దాలు విడిగా దొరుకుతాయి.

హోస్ట్: ఇప్పుడైనా నిచ్చెన ఎక్కవచ్చా?

బావగారు: ఇంకా లేదు. ముందు గోడ దగ్గర పని ఉంది. చాలా ప్రొజెక్టర్లలో బొమ్మ లెన్సుకు సరిగ్గా ఎదురుగా పడదు. స్టూలు మీద పెట్టి గోడకు వేసి చూడు, బొమ్మ అడుగు అంచు లెన్సు ఎత్తు దగ్గర మొదలై పైకి పోతుంది. అదే యంత్రాన్ని కిందికి తిప్పితే బొమ్మ ఒక పక్కకు జరిగి పడుతుంది. బల్ల నడిమధ్యకు సూటిగా పైన బిగించావనుకో, సగం పటం బల్ల మీద, సగం నీ ఒళ్లో.

హోస్ట్: మరి వంచి పెట్టి, వంకరపోయిన బొమ్మను చదును చేసే కీస్టోన్ సదుపాయంతో సరిచేసుకోకూడదా?

బావగారు: సినిమాకైతే చేసుకో. ఇక్కడ గడి అంటే కొలత. కీస్టోన్ వాడితే కొన్ని చుక్కలు పోతాయి, గీతలు మసకబారుతాయి. అందుకే గోడను బల్ల అనుకో. పాత క్యాలెండర్లు తీసేసి, లెన్సు గోడకు సరిగ్గా ఆరున్నర అడుగుల దూరంలో ఉండేటట్టు స్టూలు మీద ప్రొజెక్టరు పెట్టు. స్టూలు ఒరగకుండా చూడు. బొమ్మ నాలుగు మూలల దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టు. లెన్సుకు సూటిగా ఎదురుగా గోడ మీద ఏ చోటు వస్తుందో అక్కడ అడ్డగుర్తు వేయి. ఆ అడ్డగుర్తు నుంచి బొమ్మ మధ్యకు ఎంత దూరమో టేపుతో కొలువు. లెన్సును బల్ల మధ్య నుంచి అంత పక్కకు జరపాలన్నమాట. చాలాసార్లు అది బల్ల పొడుగు అంచుకు నేరుగా పైకి వస్తుంది. మనకు కలిసొచ్చేది కూడా ఇక్కడే, ఎందుకంటే ఫ్యానుకు దూరం జరిగే దిక్కు మనం ఎంచుకోవచ్చు. ఆ చోటును బల్ల మీద గుర్తు పెట్టుకో. దాన్నే పైన గుర్తించాలంటే దారానికి ఓ బరువు కట్టి పైకప్పు నుంచి వేలాడదీయి. బరువు బల్ల మీద గుర్తుకు తగిలే చోటే డ్రిల్లు.

హోస్ట్: ఆ డ్రిల్లు సంగతి ఇంజినీరు నోట వినాలి.

బావగారు: ఇళ్లలో స్లాబు మందం సాధారణంగా 5 అంగుళాలు. అందులో ఇనుప కడ్డీలు, కరెంటు పైపులు ఉంటాయి. ఆ పైపులు ఫ్యాను పెట్టె నుంచి దీపాల వైపు, స్విచ్‌బోర్డు గోడ వైపు పోతాయి. ఆ దారుల్లో రంధ్రం వేయవద్దు. కడ్డీ తగిలితే దాన్ని తొలచకుండా కొంచెం జరుగు. ప్లాస్టిక్ ప్లగ్గులు గోడ మీద ఫొటోలకు చాలు. తల మీద వేలాడే బరువుకు లోహపు యాంకర్ బోల్టులు వాడాలి. ఫాల్స్ సీలింగ్ ఉంటే దాన్ని నమ్మకు, అది తన బరువు తానే మోసుకుంటోంది. పొడవైన బోల్టులతో పైనున్న స్లాబును పట్టుకోవాలి. విడిగా మరో కొక్కేనికి సన్నని ఉక్కు తాడు కట్టి ఉంచు. కింద కూర్చునేది పిల్లలు.

హోస్ట్: కరెంటు?

బావగారు: ఎలక్ట్రీషియన్ వచ్చి, "ఫ్యాను పాయింటు పక్కనే ఉంది కదా సార్, అందులోంచి లాగేద్దాం" అంటాడు. ఒప్పుకోకు! ఆ తీగ రెగ్యులేటరు గుండా వస్తుంది. ఫ్యానును రెండో నంబరు మీద పెడితే ప్రొజెక్టరుకు కూడా సగం సగం కరెంటు పోయి పాడవుతుంది. స్విచ్‌బోర్డు నుంచి విడిగా మూడు పిన్నుల సాకెట్టు వేయించు. వీలైతే ఇన్వర్టరు లైనులో వేయించు. కంప్యూటరు నుంచి బొమ్మను తెచ్చే హెచ్‌డీఎంఐ తీగ 10 మీటర్ల లోపు అయితే మామూలుది చాలు. ఫోను నుంచి తీగ లేకుండా పంపినా, పటాలకు కాస్త ఆలస్యమైతే కొంప మునగదు.

హోస్ట్: బల్ల పైభాగం? మీది నిగనిగలాడే సన్‌మైకా.

బావగారు: దాని మీద వేస్తే పైనున్న లెన్సు నీ కంట్లోకే మెరుస్తుంది. మెరుపులేని తెల్లరంగు వేసిన పలచటి ప్లైవుడ్ పలక ఒకటి చేయించాను. ఆట ఉన్నప్పుడు పరుస్తాం, అయ్యాక బీరువా వెనకకు. దుప్పటి వద్దు, దాని ముడతల మీద నిలబెట్టిన బొమ్మలు ఒరిగిపోతాయి.

హోస్ట్: ఇక కంప్యూటర్లో?

బావగారు: ఇలాంటి ఆటల కోసమే ఉన్న ఫౌండ్రీ, రోల్20 లాంటి ప్రోగ్రాముల్లో పటాలు నడపవచ్చు. ప్రొజెక్టరును రెండో తెరగా పెట్టుకోవాలి, అదే తెరను మళ్లీ చూపించేటట్టు కాదు. లేకపోతే కథ నడిపేవాడి రహస్యాలన్నీ బల్ల మీద పడతాయి. తర్వాత స్కేలు బల్ల మీద పెట్టి, గడి సరిగ్గా 1 అంగుళం అయ్యేదాకా జూమ్ సరిచేసి వదిలేయడమే.

హోస్ట్: మొన్న మీ ఇంట్లో చూసింది చంద్రగిరి కోటే కదా?

బావగారు: దాని ఛాయలే. రాజమహల్లోని మ్యూజియానికి పిల్లలను తీసుకెళ్లి, వచ్చాక వాళ్లతోనే గీయించాను. మూడంతస్తులకు మూడు పటాలు. బల్ల మీద 60 గళ్లు పొడవు, 33 గళ్లు వెడల్పు పడతాయి. కథ లెక్కలో అది 300 అడుగులకు 165. ఒక అంతస్తంతా సుఖంగా పరుచుకుంది. రాజు, రాణి ఎవరనుకున్నావు? బొమ్మల కొలువులో పెట్టే మరపాచి బొమ్మలు. అంగుళం గడిలో ఇమడలేదు. పెద్ద ఆకారాలకు నాలుగు గళ్లు ఇవ్వవచ్చని ఆ ఆట నియమాల్లోనే ఉంది కాబట్టి వాళ్లను రాక్షస దంపతులను చేశారు మీ అక్క పిల్లలు.

హోస్ట్: మా అమ్మ వినకుండా చూడాలి. ఇలాంటి ఆటలు రానివాళ్లు ఏం చేయాలి?

బావగారు: పులిమేక వేసుకోండి, 3 పులులు, 15 మేకలు. వైకుంఠపాళి వేసుకోండి. పాము నోట్లో పడ్డప్పుడు అరవడానికి నియమాల పుస్తకం అక్కర్లేదు.

హోస్ట్: చివరిగా శ్రోతల తరఫున ఒకటి. అద్దె ఇల్లు, ఓనరు మేకు కూడా కొట్టనివ్వడు. వాళ్లకు దారేమిటి?

బావగారు: స్లాబు జోలికి వెళ్లవద్దు. కెమెరాలకు, లైట్లకు వాడే బరువైన స్టాండు ఒకటి, దానికి పక్కకు చాచే చెయ్యి తీసుకో. కిలో, కిలోన్నర ఉండే చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టరును ఆ చేతి చివర బిగించి, స్టాండు అడుగున ఇసుక సంచి పెట్టు. ఎత్తు తక్కువ వస్తుంది కాబట్టి బొమ్మ కూడా చిన్నదవుతుంది. బల్లకు 4 అడుగుల పైన 1.2 రేషియోది ఉంటే 40 అంగుళాల వెడల్పు పటం వస్తుంది. నలుగురికి అది చాలు. ఇల్లు మారేటప్పుడు మడిచి సంచిలో వేసుకుని వెళ్లిపోవచ్చు, అడ్వాన్సులో కోత ఉండదు. ఇక కాఫీ సంగతి చూడు.