పక్కింటి కిటికీ

అందరికీ నమస్కారం.

కర్నూలు పాతబస్తీలో నేను ప్లాను గీసిన మొదటి ఇంటి సంగతి చెబుతాను. స్థలం వెడల్పు 14 అడుగులు, పొడవు 46. ఒకటిన్నర సెంటుకు కాస్త తక్కువ. మూడు పక్కలా ఇళ్లు, ముందు ఆరడుగుల సందు. ఇసుక లారీ పెద్ద రోడ్డు మీదే ఆగిపోతుంది, అక్కడి నుంచి ప్రతి తట్టా నెత్తిన మోయాల్సిందే.

పునాదికి ముగ్గు పోస్తున్న రోజు పక్కింటి పెద్దావిడ వచ్చి, "నాయనా, ఈ గోడ లేస్తే నా వంటిల్లు చీకటైపోతుంది కదా" అంది. తలెత్తి చూశాను. ఆమె వంటింటి కిటికీ మా స్థలంలోకే తెరిచి ఉంది. మూడుసార్లు వచ్చి టేపు పట్టాను, దాన్ని ఒక్కసారీ చూడలేదు.

అప్పటి నుంచి ఇరుకు స్థలానికి వెళ్తే ముందు చుట్టూ ఉన్న గోడలు గీస్తాను. ఎవరి తూము నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, ఏది ఉమ్మడి గోడ, పునాది తవ్వితే ఏ పాత మట్టిగోడ కదులుతుంది అని చూస్తాను. 2009 అక్టోబరు వరద ఎంత ఎత్తు వచ్చిందని అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. కరెంటు మీటరు ఆ చేతికి పైనే ఉండాలి.

ఇక వెలుతురు. జపాన్‌లోని ఒసాకాలో టడావో ఆండో అనే ఆర్కిటెక్టు 1976లో కట్టిన ఇంటి వెడల్పు సుమారు 11 అడుగులే. అందులో నడిమి మూడో వంతును ఆయన ఆకాశానికి వదిలేశారు. మన మట్టిమిద్దెల గవాక్షి, అంటే వెలుతురు కోసం పైకప్పులో వదిలే కంత, చేసిందీ ఆ పనే, వాన వస్తే దానిమీద బండ కప్పేవారు. అయితే మన ఎండ వేరు. కర్నూలులో మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కడి నుంచి ఆగస్టు రెండో వారం దాకా కాస్త ఉత్తరానికి వాలతాడు. ఉత్తరపు కిటికీకి సన్‌షేడ్ అక్కర్లేదనే మాట ఇక్కడ పనికిరాదు.

ఆ ఇంటి ప్లాను మళ్లీ గీశాను. ఆవిడ కిటికీకి ఎదురుగా ఎనిమిది అడుగులు ఖాళీ వదిలాను. "ఇంత ధర పెట్టి కొన్న చోటు వాళ్లకు వదలమంటారా?" అని యజమాని నొచ్చుకున్నారు. పక్కగోడలు రెండూ మూసుకుపోయిన ఇంటిలో నడిమింటికి పగటి వెలుగు ఎటునుంచి వస్తుందని అడిగాను. పడకగది కాస్త చిన్నదైంది, ఆయన ఒప్పుకున్నారు.

రేపు ఉదయం ఏడింటికి కొండారెడ్డి బురుజు దగ్గర కలిసి ఒక ఇరుకు సందుకు వెళ్దాం. టేపు, దిక్సూచి తెచ్చుకోండి. ఎండ ఎటు పడుతుందో చూడటానికి మధ్యాహ్నం పన్నెండుకు మళ్లీ అదే సందుకు వెళ్లాలి.