పుస్తకం చదివావు సరే, ఎవరి దగ్గర చదివావు?

[తెర మీద: పాత అరబ్బీ రాతప్రతి చివరి పేజీ]

నమస్తే అండీ. ఈ పేజీ మధ్యలో ఉన్నది పుస్తకం ముగింపు. దాని చుట్టూ ఖాళీ దొరికిన చోటల్లా ఇరికించి రాసినవి మాత్రం ఎక్కువగా మనుషుల పేర్లు. ఫలానా మసీదులో, ఫలానా రోజున ఈ పుస్తకాన్ని ఒకరు పైకి చదువుతుంటే ఎవరెవరు కూర్చుని విన్నారో ఆ హాజరు పట్టిక అన్నమాట. దీన్ని సమా అంటారు. 12, 13 శతాబ్దాల డమాస్కస్ నుంచే ఇలాంటివి వెయ్యికి పైగా మిగిలాయి. పండితులు, దుకాణాలు నడిపేవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ ఉంటారు అందులో. పిల్లలైతే పేరు పక్కన వయసు. కొన్నిట్లో ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు మధ్యలో కునుకు తీశారు, ఎవరు పక్కవాళ్ళతో కబుర్లు పెట్టుకున్నారు అన్నది కూడా రాసి పెట్టారు!

ఇస్లాం చరిత్రలో పుస్తకాలు అనగానే మనకు వినబడే కథ ఒకటే. బాగ్దాద్‌లో బైతుల్ హిక్మా అనే గొప్ప గ్రంథాలయం, 1258లో మంగోలుల దాడి, టైగ్రిస్ నది సిరాతో నల్లబడిపోవడం. సినిమా సీన్‌లా ఉంటుంది కాబట్టి అందరూ అదే చెబుతారు. నాకైతే ఈ హాజరు పట్టికలే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తాయి. పుస్తకం చేతిలో ఉన్నాక కూడా ఎవరో ఒకరి ఎదుట కూర్చుని వినాల్సిన అవసరం ఏమొచ్చింది?

[తెర మీద: చుక్కలు లేని పాత అరబ్బీ లిపి]

ఒక కారణం లిపిలోనే ఉంది. అరబ్బీలో బా, తా, సా అనే మూడక్షరాల ఆకారం ఒకటే, తేడా అంతా చుక్కల్లో. తొలి రోజుల రాతలో ఆ చుక్కలు చాలావరకు పెట్టేవాళ్ళు కాదు, హ్రస్వ అచ్చులు అసలు రాసేవాళ్ళే కాదు. అంటే ముందే విన్నవాడికి ఆ కాగితం గుర్తు చేస్తుంది, విననివాడికి అయోమయంగా ఉంటుంది.

రెండో కారణం ఖురాన్ చేరిన తీరు. ముస్లింల విశ్వాసం ప్రకారం 610 ప్రాంతంలో మక్కా దగ్గర హిరా గుహలో ప్రవక్త ముహమ్మద్‌కు మొదట అందిన వాక్యాల్లోనే చదవమన్న ఆజ్ఞ ఉంది, కలంతో నేర్పిన దేవుడి ప్రస్తావన ఉంది. ఆ వాక్యాలు అందుకున్న ప్రవక్త మాత్రం చదవడం, రాయడం నేర్చుకున్నవారు కాదని ముస్లింల నమ్మకం. ఆయన వినిపించారు, జనం కంఠస్థం చేశారు, కొందరు రాసుకున్నారు. ఆయన పోయాక కొద్ది నెలలకే యమామా యుద్ధంలో కంఠస్థం వచ్చినవాళ్ళు చాలామంది చనిపోయారు. ఇలాగే పోతే ఎలా అని ప్రవక్త సహచరుడు ఉమర్‌కు టెన్షన్ పట్టుకుంది. ప్రవక్త తర్వాత ముస్లింల నాయకుడైన అబూ బక్ర్‌ను ఒప్పించి, ఖురాన్ అంతా ఒకచోట చేర్చే పని ప్రవక్త దగ్గర రాతగాడిగా ఉన్న జైద్ ఇబ్న్ సాబిత్‌కు అప్పగించేలా చేశారు. జైద్ ఖర్జూర మట్టల మీద, పలుచటి రాళ్ళ మీద ఉన్న రాతలనూ, మనుషుల జ్ఞాపకంలో ఉన్నదాన్నీ కలిపి సేకరించారని హదీసు గ్రంథాలు, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల సంకలనాలు, చెబుతాయి. రాత, నోరు రెండూ కలిస్తేనే నమ్మకం.

హదీసుల విషయంలో ఇది ఇంకా గట్టిపడింది. ప్రవక్త ఇలా అన్నారు అని ఊరికే చెబితే చెల్లదు, నీకెవరు చెప్పారు, వాళ్ళకెవరు చెప్పారు అని అక్కడిదాకా గొలుసు చూపించాలి. 11వ శతాబ్దంలో మక్కాలో కరీమా అనే పండితురాలు ఉండేవారు, మధ్య ఆసియాలోని మెర్వ్ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డావిడ. సహీహ్ బుఖారీ అనే హదీసుల సంకలనాన్ని వినిపించడంలో ఆవిడకు పెద్ద పేరు. అందులో మళ్ళీ మళ్ళీ వచ్చేవాటితో కలిపి 7,000కు పైగా హదీసులు ఉన్నాయి. హజ్‌కు వెళ్ళిన అల్ ఖతీబ్ అల్ బాగ్దాదీ, అప్పటికే పేరున్న చరిత్రకారుడు, ఆవిడ దగ్గర దాన్ని ఐదు రోజుల్లో చదివి ముగించాడట. ఐదు రోజులంటే తిండీ నిద్రా ఏమయ్యాయో! శిష్యుల ప్రతిని తన ప్రతితో సరిచూడనిదే ఆవిడ వదిలేవారు కాదని కూడా రాశారు.

[తెర మీద: కాగితం తయారీ బొమ్మ]

ఈలోగా కాగితం వచ్చేసింది. చైనా నుంచి సమర్కంద్ మీదుగా 8వ శతాబ్దం చివరికి బాగ్దాద్‌లోనే తయారీ మొదలైంది, పాత నార గుడ్డల నుంచి. తోలు మీద రాసింది గీకి మార్చేయొచ్చు, కాగితం సిరాను పీల్చుకుంటుంది కాబట్టి దిద్దితే దొరికిపోతారు. సర్కారు లెక్కలకు అది బాగా నచ్చింది, ఆ వెనకే పుస్తకాలు చవకయ్యాయి. 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో పుస్తకాల దుకాణాలు 100కు పైనే ఉన్నాయని ఆ కాలపు చరిత్రకారుడు యాఖూబీ రాశాడు. అల్ జాహిజ్ అనే రచయిత రాత్రిళ్ళు ఆ దుకాణాలనే అద్దెకు తీసుకుని లోపల కూర్చుని చదివేవాడట. 987లో ఇబ్న్ అల్ నదీమ్, ఈయనదీ పుస్తకాల వ్యాపారమే, అరబ్బీలో దొరికే పుస్తకాలన్నిటికీ జాబితా రాయడానికి కూర్చున్నాడు. కవుల దగ్గరికి వచ్చేసరికి ఎవరి కవిత్వం ఎన్ని కాగితాలు వస్తుందో కూడా లెక్క చెప్పాడు.

పుస్తకాలు ఇన్ని అయ్యాక, ఇంకా గురువెందుకు అనేవాడు పుట్టకుండా ఉంటాడా? పుట్టాడు, కైరోలో. పేరు ఇబ్న్ రిద్వాన్, గీజాలో రొట్టెలు కాల్చుకునే ఆయన కొడుకు. కోచింగ్‌కు డబ్బుల్లేక సొంతంగా ప్రిపేరై ర్యాంకు కొట్టిన కుర్రాడిలాంటివాడు, దారి పక్కన జాతకాలు చెప్పుకుంటూ ఆ డబ్బుతో బతుకుతూ వైద్యం పుస్తకాల్లోనే నేర్చుకుని ఏకంగా పాలకుడి వైద్యుల్లో పెద్ద అయ్యాడు. 1049 ప్రాంతంలో బాగ్దాద్ నుంచి ఇబ్న్ బుత్లాన్ అనే క్రైస్తవ వైద్యుడు దిగాడు. గొడవ ఎక్కడ మొదలైందనుకున్నారు? కోడిపిల్లకు వేడి తత్వం ఎక్కువా, గూట్లో ఉండే పిట్టపిల్లకా అన్న దగ్గర. అక్కణ్ణుంచి పుస్తకం గొప్పా గురువు గొప్పా అన్న దాకా పోయింది. ఇబ్న్ బుత్లాన్ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: అర్థం కాకపోతే గురువు ఇంకో మాటలో చెబుతాడు, పుస్తకం చెప్పదు. పైగా చుక్క తప్పుతుంది, నకలు రాసినవాడు తడబడతాడు, గ్రీకు నుంచి వచ్చిన వైద్య పుస్తకాల అనువాదంలో గ్రీకు మాట అలాగే ఉండిపోతుంది. అక్కడితో ఆగితే బాగుండేది, అవతలివాడి మొహాన్ని పట్టుకుని జిన్నుల మొసలి అని కూడా అన్నాడు. నేనైతే ఇబ్న్ రిద్వాన్ పక్షమే, గురువుకిచ్చే డబ్బు లేనివాడికి పుస్తకం తప్ప దారేది?

[తెర మీద: ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం]

ఇక మన హైదరాబాద్ సంగతి. 1888లో ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ లాంటివాళ్ళు దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ పెట్టారు, ఇప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది. పాత అరబ్బీ రాతప్రతులను ఒకదానితో ఒకటి సరిచూసి అచ్చు వేయడం దాని పని. 11వ శతాబ్దపు పండితుడు అల్ బీరూనీ ఖగోళ గ్రంథం అల్ ఖానూన్ అల్ మస్ఊదీని 1954-56లో వేసింది ఇక్కడే. హదీసులు చెప్పిన వేలమందిలో ఎవరు నమ్మదగినవారో ఒక్కొక్కరి గురించీ విచారించి కైరోలో ఇబ్న్ హజర్ అనే హదీసు పండితుడు రాసిన తహ్‌జీబ్ అల్ తహ్‌జీబ్ కూడా 12 సంపుటాలుగా ఇక్కడే అచ్చయింది, 20వ శతాబ్దం మొదట్లో. అరబ్ దేశాల పండితులు కూడా వాటిని ‘హైదరాబాద్ ముద్రణ’ అనే పేరు పెట్టి ఉదహరిస్తారు.