టేపు ఆగి ఆగి తిరిగితే

సుధ: ఇంట్లో కంప్యూటర్‌ను టేపు మీదికి బ్యాకప్ చేయాలంటే ఏ డ్రైవ్ తీసుకోవాలి, ఈసారి అదే. ఎల్‌టీఓ అని టేపు డ్రైవ్‌లలో ఒక రకం, పక్కనున్న అంకె దాని తరం. ఎల్‌టీఓ-5, ఎల్‌టీఓ-6 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, చాలావాటికి డ్రైవ్‌ని కంప్యూటర్‌కి కలిపే ఎస్‌ఏఎస్ కార్డు కూడా కావాలి. తరవాత...

కిరణ్: అక్కా, ముందు పెట్టె మీది అంకె.

సుధ: మొదలెట్టావా!

కిరణ్: చెప్పాల్సిందే కదా. ఎల్‌టీఓ-6 టేపు మీద 6.25 టెరాబైట్లు అని రాస్తారు, పట్టేది 2.5. డేటా రెండున్నర రెట్లు కుదించుకుపోతుందని వేసిన లెక్క అది. మన దగ్గరున్నవి ఫోటోలు, వీడియోలు, అవి ముందే కుదించి ఉంటాయి, ఇంకేం తగ్గుతాయి?

సుధ: ఒప్పుకున్నా. కానీ అసలు ఇబ్బంది వేగంతో. ఎల్‌టీఓ-5 సెకనుకు 140 మెగాబైట్లు రాస్తుంది. డేటా నెమ్మదిగా వస్తే డ్రైవ్ తనూ కొంతవరకు నెమ్మదిస్తుంది, అంతకన్నా తగ్గితే మాత్రం టేపు ఆగుతుంది, కొంచెం వెనక్కి వెళ్తుంది, మళ్ళీ పరుగు అందుకుని రాస్తుంది. గుర్రుమని ఆగడం, మళ్ళీ గుర్రుమనడం, ఆ చప్పుడు వింటే తెలిసిపోతుంది. టేపూ అరుగుతుంది, టేపు మీద రాసే, చదివే హెడ్డూ అరుగుతుంది.

కిరణ్: ఎల్‌టీఎఫ్‌ఎస్ అని టేపు కోసం ఫైల్ సిస్టమ్ ఉంది, అది పెట్టుకుంటే టేపు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది, లాగి పడేస్తే చాలు.

సుధ: లాగి పడేస్తే లక్ష చిన్న ఫైళ్ళు ఒక్కొక్కటే వెళ్తాయి, పాత హార్డ్ డిస్క్ అంత వేగం ఇవ్వగలదా? ఫైళ్ళన్నిటినీ కలిపి కట్టే టార్ ప్రోగ్రామ్‌తో ఒకే ప్రవాహంగా చేసి, మధ్యలో డేటాను కాసేపు ఆపి ఉంచే ఎంబఫర్ ప్రోగ్రామ్ పెట్టి, మెమరీలో కొన్ని గిగాబైట్లు నిండాకే టేపుకి వదలాలి.

కిరణ్: పదేళ్ళ తరవాత నీ టార్ టేపులో ఏ ఫైలు ఎక్కడుందో ఇంట్లోవాళ్ళు ఎలా వెతుకుతారు? ఎల్‌టీఎఫ్‌ఎస్‌లో జాబితా టేపులోనే ఉంటుంది.

సుధ: జాబితా విడిగా దాచుకుంటారు! నువ్వెప్పుడూ ఇంతే, తేలిగ్గా కనిపించేదే...

కిరణ్: అరవకక్కా. తేలిగ్గా లేకపోతే బ్యాకప్ మానేస్తారు, నా బాధ అది.

సుధ: ...అదీ నిజమే. వీడియోల్లాంటి పెద్ద ఫైళ్ళకైతే ఎల్‌టీఎఫ్‌ఎస్ బాగానే నడుస్తుంది, కాదనను. టార్ వాడేవాళ్ళకి మాత్రం ఒక్క మాట. లినక్స్‌లో టేపు డ్రైవ్ పేరు ఎస్‌టీ0 అని రాస్తే పని అవగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది. రెండో బ్యాకప్ మొదలెడితే మొదటిదాని మీదే పడుతుంది. అలా చుట్టుకోకుండా ఎన్‌ఎస్‌టీ0 అనే పేరు వాడండి, దయచేసి.

కిరణ్: టార్‌లో కుదింపు పెడితే పెట్టె మీది అంకె...

సుధ: కిరణ్!

కిరణ్: సరే సరే. అసలింత తంటా ఎందుకు అనేవాళ్ళకి 2011 సంగతి చెప్పు.

సుధ: ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపంతో కొందరి జీమెయిల్ ఖాళీ అయిపోయింది. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నా వాటికీ అదే గతి. గూగుల్ ఆ మెయిళ్ళను టేపుల నుంచే తిరిగి తెచ్చింది. డ్రైవ్‌లోంచి తీసి అరలో పెట్టిన టేపు జోలికి ఏ లోపమూ, ఏ వైరసూ రావు.

కిరణ్: అరలో ఉన్నది చదివే డ్రైవ్ కూడా ఉండాలిగా. ఎల్‌టీఓ-7 వరకు రెండు తరాల వెనకటివి చదివేవి, ఎల్‌టీఓ-8 ఒక్క తరమే. ఎల్‌టీఓ-6 టేపులున్నవాళ్ళు నేరుగా 8కి దూకితే ఏం చేస్తారు?

సుధ: పాత డ్రైవ్ అమ్మకముందే అన్నీ కొత్త టేపుల మీదికి ఎక్కించాలి. ఏ డ్రైవ్ తీసుకోవాలో చెప్పనే లేదు, టైమ్ అయిపోయింది. ఎల్‌టీఓ-6 చూడండి, హెడ్డు ఎన్ని గంటలు నడిచిందో అడిగి తీసుకోండి.

కిరణ్: శుభ్రం చేసే టేపు సంగతో?

సుధ: అది మళ్ళీ ఎప్పుడైనా.