కదిలే చెక్కతో కదలని బల్ల

అందరికీ నమస్కారం.

లైవ్ ఎడ్జ్ డైనింగ్ టేబుల్ అంటే, మానును పొడవునా కోసిన పలకతో, చెట్టు అంచు వంపులను అలాగే ఉంచి చేసే భోజనాల బల్ల. ఆ మాట అనగానే ముందుగా అంచు గురించే అడుగుతారు. బెరడు ఉంచాలా, తీసేయాలా, ఆ వంపులు ఎలా మెరిపించాలి అని. అంచు దగ్గరికి వస్తాను. కానీ బల్ల ఏళ్ల తరబడి నిలుస్తుందా, రెండో ఏడాదికే బీటలిస్తుందా అన్నది తేల్చేది పలకలో ఉన్న నీరు. అందుకే ఈరోజు ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

పచ్చి చెక్కలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల లోపలి బోలులో కొంత, కణాల గోడల్లో కొంత. ముందు ఆరేది బోలులోది. అది పోతున్నంతసేపూ చెక్క తేలికవుతుందే తప్ప కొలతలు మారవు. తేమ సుమారు 28–30 శాతానికి దిగాక గోడల్లోని నీరు వదలడం మొదలవుతుంది. చెక్క ముడుచుకోవడమూ అప్పుడే మొదలు. అయితే అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. పొడవులో దాదాపు తేడా ఉండదు. చెట్టు వలయాల వెంబడి తగ్గేది మాత్రం, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి ఇంచుమించు రెట్టింపు. పలక దోనెలా వంగేది ఈ తేడా వల్లే. మాను నట్టనడుమ నుంచి కోసిన పలక ఆ మధ్య గీత వెంట చీలడానికీ ఇదే కారణం. చివర్ల సంగతి వేరు. అక్కడి నుంచి నీరు చాలా త్వరగా బయటికి పోతుంది కాబట్టి, కోసిన రోజే చివర్లకు మైనమో చిక్కటి పెయింటో పూయాలి.

గాలికి ఆరబెడితే అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క ఒకటుంది. రెండున్నర అంగుళాల పలకకు ఆ లెక్కన రెండున్నరేళ్లు. అప్పటికీ అది ఇంట్లోకి సిద్ధమైనట్టు కాదు. షెడ్డులో ఎన్నాళ్లు ఉంచినా, అక్కడి గాలి ఆరనిచ్చినంతే ఆరి ఆగిపోతుంది. ఇంటి లోపల ఉండే బల్లకు, అక్కడి వాతావరణాన్ని బట్టి, 6 నుంచి 12 శాతం మధ్య తేమ ఉండాలి. ఆ చివరి మెట్టు దిగాలంటే చాలాచోట్ల కిల్న్‌లో, అంటే చెక్కను వేడితో ఆరబెట్టే గదిలో, ఆరబెట్టక తప్పదు. దానివల్ల ఇంకో మేలు కూడా ఉంది. పలక లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి అరగంట నిలిస్తే పురుగులు, వాటి గుడ్లు చస్తాయి. చేవ చుట్టూ ఉండే లేత చెక్కను పురుగు ఇష్టంగా తింటుంది. లైవ్ ఎడ్జ్ బల్లలో అంచంతా ఆ లేత చెక్కే.

పలక కొనేటప్పుడు తేమ మీటరు మీ చేతిలో ఉండాలి. పైన ఆరి, లోపల పచ్చిగా ఉన్న పలకలు చాలా ఉంటాయి. పొడవాటి పిన్నులున్న మీటరుతో లోతుగా, నాలుగైదు చోట్ల చూడండి. వెడల్పును మాత్రం పలక అన్నిటికన్నా సన్నగా ఉన్న చోట కొలవాలి. ఎదురెదురుగా రెండు కంచాలు పట్టాల్సింది అక్కడ కూడా. మనిషికి 60 సెంటీమీటర్ల చోటు, బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. ఈ కొలతలు ఎక్కడైనా పనికొస్తాయి.

తెచ్చాక కొన్ని వారాలు, బల్ల ఉండబోయే గదిలాంటి చోటే, కింద కర్రలు పెట్టి రెండు వైపులా గాలి తగిలేలా ఉంచండి. తర్వాత చదును చేయడం. పట్టాల మీద జరిగే రూటరుతో (చెక్కను చెక్కే మెషీన్‌తో) చేసినా, చిత్రిక పట్టినా, ఒక వైపే ఎక్కువ తీయొద్దు. తిప్పుతూ రెండు వైపులా సమానంగా తీయాలి. లేదంటే చదునైన పలక వారం తిరిగేసరికి మళ్లీ వంగుతుంది.

ఇక పగుళ్లు. జార్జ్ నకషిమా ఈ కళకు పెద్ద దిక్కు. 1905లో అమెరికాలో పుట్టిన జపనీస్ సంతతి వాస్తుశిల్పి. పుదుచ్చేరి అరవింద ఆశ్రమంలోని గోల్‌కొండ భవన నిర్మాణంలో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిర్బంధ శిబిరంలో ఉండగా ఒక జపనీస్ వడ్రంగి దగ్గర పని నేర్చుకున్నారు. ఆయన పగులును దాచేవారు కాదు. దానికి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారపు చెక్క బిళ్లను బిగించి, అందరికీ కనిపించేలా వదిలేసేవారు. ఆ బిళ్ల పోగులు పగులుకు అడ్డంగా ఉండాలి. పోగులు పగులు వెంబడే ఉంటే బిళ్ల నడుము దగ్గర విరుగుతుంది. లోతు పలక మందంలో మూడో వంతుకు తగ్గకూడదు. చిన్న రంధ్రాలకు, పురుగు తొలిచిన చోట్లకు ఎపాక్సీ, అంటే పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం, మంచిదే. కానీ పగులు కనిపించిన ప్రతిచోటా రంగు ఎపాక్సీ నింపేస్తే చెట్టు వెనక్కి పోయి ప్లాస్టిక్ ముందుకొస్తుందని నా అభిప్రాయం. నింపక తప్పని చోట పొరలు పొరలుగా పోయండి. ఒకేసారి మందంగా పోస్తే అది వేడెక్కి పగులుతుంది.

అంచు విషయానికొస్తే, భోజనాల బల్ల మీద బెరడు వద్దు. బెరడుకూ చెక్కకూ మధ్య పొర ఆరితే పట్టు వదులుతుంది. పైగా మెతుకులు, దుమ్ము అందులో ఇరుక్కుంటాయి. ఉలితో మెల్లగా లేపి, మిగతాది చేత్తో రుద్దండి. మెషీన్ పెడితే చెట్టు గీసుకున్న వంపులు కాస్తా పోతాయి.

అన్నిటికన్నా ఎక్కువ బల్లలు పాడయ్యేది కాళ్లు బిగించే దగ్గర. మీటరు వెడల్పు పలకలో తేమ 4 శాతం అటూ ఇటూ అయితే, వెడల్పు దాదాపు సెంటీమీటరు మారుతుంది. దాన్ని ఏ స్క్రూ ఆపలేదు. ఆపాలని చూస్తే చీలేది పలకే. అందుకని మధ్యలో స్క్రూను గట్టిగా బిగించి, అటూ ఇటూ ఉన్నవాటికి వెడల్పు దిశలో సాగిన రంధ్రాలు పెట్టాలి. పలక వంగకుండా కింద అడ్డంగా ఇనప చానెల్ వేసినా అదే పద్ధతి. అడ్డపట్టీని జిగురుతో మాత్రం ఎప్పుడూ అతికించకండి.

పాలిష్‌కు ముందు 80 నుంచి 180 నంబరు దాకా సాండ్‌పేపరు చాలు. మాస్కు లేకుండా రుద్దొద్దు. నూనె పాలిష్ పైన ఎంత పూస్తే కిందా అంతే పూయాలి. కింద వదిలేస్తే ఆ వైపు తేమను త్వరగా పీల్చుకుని, బల్ల వంకర తిరుగుతుంది. అవిసె నూనె లాంటివి తుడిచిన గుడ్డలు ఉండలా చుట్టి మూల పడేస్తే, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పని అవగానే వాటిని విప్పి, ఆరుబయట విడివిడిగా పరచండి, లేదా నీళ్లున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.